గొలుసు వినడం నేర్పిన మేడం

కోర్సు ఒకటి: ఉప్పునీటి సేద్యం

మైలపల్లి నూకరత్నం, ఆనర్స్, మొదటి సంవత్సరం. ఒక్కో కోర్సు అవగానే ‘నాలో వచ్చిన మార్పు’ అని ఇలా లాగ్ రాసివ్వాలట. కోఆర్డినేటర్ కూర్మారావు గారు చదువుతారట. చదవండి సార్. కానీ నేను మర్యాదగా రాసే రకం కాదు, ముందే చెప్పేస్తున్నాను.

మార్పు సంగతి తర్వాత. ముందు నా గుండె జారిపోయిన సంగతి రాయాలి. మొదటి రోజు క్లాసులో కూర్చున్నామో లేదో, గోడలోంచి మేష్టారు దగ్గారు. మామూలు దగ్గు కాదు, ఊపిరితిత్తులు బయటికొచ్చేంత దగ్గు. దగ్గి, ‘నారు తట్టలు ఎండకి తిప్పండి’ అన్నారు. తట్ట నా చేతిలోంచి జారి కింద పడింది.

సముద్రం మీద తేలే మా తేలువాడలో చదువు చెప్పేది పోయినవాళ్ళేనని నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. పనిలో ఉన్న ప్రతివాళ్ళకీ ఏడాదికోసారి తల మీద టోపీ పెట్టి, వాళ్ళకొచ్చిన పనంతా తోడి దాస్తారు. మనిషి పోయాక పేరు తీసేస్తారు, ఇల్లూ పిల్లలూ తీసేస్తారు, పని మాత్రం ఉంచుతారు. ఆడవాళ్ళందరికీ ఒకటి, మగవాళ్ళందరికీ ఒకటి నున్నటి గొంతు అతికిస్తారు, ఇంటివాళ్ళు గుర్తుపట్టి గోడల దగ్గర కూర్చుని ఏడవకుండా. ఇదంతా స్కూల్లో బట్టీ పట్టిందే. కానీ దగ్గు కూడా మిగులుతుందని ఎవరూ చెప్పలేదు కదా! పనితో పాటే వచ్చేసిందట, విడదీయడం వాళ్ళ వల్ల కాలేదట.

వారం రోజులు నిద్ర పట్టలేదు. తర్వాత అలవాటైపోయింది. అలవాటైపోయిందని తెలిశాక ఇంకా భయమేసింది. వరి ఉప్పునీటిలో ఎలా బతుకుతుందో నేర్చుకున్నాను, మార్కులు బాగా వచ్చాయి. ‘ఈ కోర్సు మీ ఆలోచనను ఎలా విస్తరింపజేసింది?’ అని అడిగారు. విస్తరింపజేయలేదు సార్, హడలగొట్టింది.

కోర్సు రెండు: తగువుల తీర్పు

ఈ కోర్సు మేడం ఎవరో గానీ, బతికున్నన్నాళ్ళూ తేలువాడలో వరస వరసకీ తిరిగి తగువులు తీర్చిన మనిషి. పుస్తకం లేదు, సిలబస్ లేదు. కథలే. చేపలు ఎండబెట్టుకునే జాగా కోసం ఎవరు ఎవరి జుట్టు పట్టుకున్నారు, పడవ కట్టుకునే కొక్కెం కోసం ఎవరు ఎన్నేళ్ళు మాట మానేశారు. మేం ఐదుగురం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. ఇంత సరదా కోర్సుకి ఆనర్స్ పేరెందుకని లోవరాజు అనేవాడు. వాడు నా క్లాసుమేటు, నోటికి తాళం లేదు.

ఆఖరి రోజు మేడం ఇద్దరు తోడికోడళ్ళ తగువు చెబుతున్నారు. ఒకే వల, ఇద్దరిదీ అంటారు. మేడం ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టారట. ‘అప్పుడు చిన్నది లేచి ఏమందో తెలుసా? వల దానికే ఇచ్చెయ్, నాకు మాత్రం...’

మధ్యాహ్నం గంట కొట్టింది. మా మార్కులు బయటికొచ్చాయి. గోడ ఊరుకుంది.

‘మేడం?’ అన్నాను. ‘చిన్నదానికి ఏం కావాలంట మేడం?’

వచ్చే టర్ముకి ఎవరూ పేరు ఇవ్వలేదట. చేరేవాళ్ళు లేకపోతే, ఉన్నవాళ్ళ ఆఖరి మార్కు పడగానే గొంతు ఆపేస్తారట, కరెంటు దండగని. మాట మధ్యలోనా సార్? మీ ఇంట్లో ఎవరైనా అన్నం తింటుంటే కంచం ఇలాగే లాగేస్తారా? ఐదుగురం ఆ గోడని తట్టి తట్టి చూశాం.

కోర్సు మూడు: గొలుసు వినడం. మొదటి వారం

ఆనర్స్ వాళ్ళు, వేరే ఎవరూ చేరని కోర్సు ఒకటి తప్పనిసరిగా తీసుకోవాలి. దానికి లాగ్ కోర్సు అయ్యేదాకా ఆగకుండా మధ్య మధ్యలోనే రాసివ్వాలట. జాబితాలో చిన్నగా కనపడిందని దీని మీద వేలు పెట్టాను. తేలువాడ ఇళ్ళన్నీ వరసలు వరసలుగా సముద్రం మీద తేలుతుంటాయి కదా, ఒక్కో వరసనీ అడుగున లంగరుకి కట్టి ఉంచే గొలుసుంటుంది. గొలుసుల పని ఇప్పుడు మీటర్లు చూసుకుంటాయి. పచ్చదీపం వెలిగితే బాగున్నట్టు. అంతే. ఇందులో నేర్చుకునేదేముంది అనుకున్నాను.

ఈ కోర్సు గదిలో కాదు, గొలుసుల దగ్గరే. చెవిలో బిళ్ళ పెట్టుకుంటే మేడం మాట్లాడతారు. నాకు వినపడేది ఆవిడకీ వినపడుతుంది.

‘ఏటే గుంటా, ఒక్కదానివేనా?’ అన్నారు రాగానే. నున్నటి గొంతులోంచి ఆ మాట ఊడిపడేసరికి నవ్వాగలేదు. ‘నవ్వుతావేటి? మెస్సుకెల్లి గరిటొకటి అట్టుకురా. ఇనపది. కొయ్యది కాదు.’

‘గరిటెందుకు మేడం?’

‘తెమ్మంటే తే.’

తెచ్చాను.

‘కాడ పల్ల మజ్జిన ఎట్టుకో. ఆ గుండ్రటి పక్క గొలుసుకి ఆనించు. సెవులు మూసీ. ఇప్పుడిను.’

గరిటె కాడ పళ్ళ మధ్య పెట్టుకున్నాను. గొలుసు రొద పుర్రెలోకి పాకింది.

ఓలమ్మో. ఓలమ్మో.

సార్, గొలుసుల ఆఫీసులో ఎంతోమంది పనిచేశారు. అందరి దగ్గరా మీటర్లే. గరిటె నోట్లో పెట్టుకుని గొలుసు వినే మనిషి ఈ సముద్రం మీద ఒక్కతే ఉండేది. మా అప్ప. మా అక్క పైడితల్లి. రోజూ పొద్దున్నే వంటింట్లోంచి గరిటె ఎత్తుకుపోయేది. ‘ఒలే పైడీ, నా గరిటె మల్లీ అట్టుకెలిపోనావా!’ అని మా అమ్మ సన్యాసమ్మ వరసంతా వినపడేలా అరిచి, చెంచాతో కూర కలుపుకునేది. మూడేళ్ళ కిందట గాలివానలో గొలుసు చూడ్డానికి దిగి, రెండు తెప్పల మధ్య నలిగి పోయింది మా అప్ప. మేమే నీళ్ళకి వదిలాం.

‘ఏటి, అలగ బిగుసుకుపోనావు?’ అంది చెవిలో. ‘పల్లు నొప్పెడతన్నాయా? అలవాటైపోతాది.’

నాలుగో వారం

ఎన్ని రకాలుగా అడిగానో.

‘మేడం, మీ పేరేంటి?’

‘మేడమే. పని సూడు.’

‘మీకు చెల్లెలుందా?’

‘తెల్దు. ఉంటే మటుకేటి, దాన్ని తలుసుకుంటే గొలుసు ఇనిపిస్తాదా?’

ఒకరోజు కావాలని, మా అమ్మ వండే ఎండు నెత్తళ్ళ పులుసు గురించి చెప్పాను. చింతపండు ముందు వేస్తుందా తర్వాత వేస్తుందా, అన్నీ చెప్పాను. అప్ప దానికి పడిచచ్చేది. అంతా విని, ‘నీకు ఆకలేస్తే ఎల్లి తినిరా. పనికాడ కబుర్లు సెప్పకు’ అంది. తీసేశారు సార్. అమ్మనీ నన్నూ పులుసునీ శుభ్రంగా తీసేశారు. కోపం మాత్రం తీయలేకపోయారు. నేను తప్పు చెబితే ‘నీ తలకాయ్’ అంటుంది, ఇంట్లో అన్నట్టే. ఒకసారి బాగా విన్నానని ‘ఊఁ’ అంది. ఆ ఒక్క ‘ఊఁ’కి నేను హాస్టలు దాకా ఏడ్చుకుంటూ వెళ్ళాను.

మంచి గొలుసు ఎలా ఉంటుందో నేర్పింది. మంచి గొలుసు బరువు మోస్తూ మూలుగుతుంది. బీటపడింది పళ్ళు కొరుకుతుంది. మీటరుకి లాగుడే తెలుస్తుంది, బీట తెలీదు. ఇవన్నీ అప్పట్లో అప్ప ఇంట్లో చెప్పబోతే నేనే వినేదాన్ని కాదు. చెవులు మూసుకుని పరిగెత్తేదాన్ని.

ఆరో వారం

మీ గదికి వచ్చాను, గుర్తుందా సార్? మీరు రాసుకోలేదు గానీ నేను రాస్తున్నాను.

‘సార్, ఆ గొంతు ఎవరిది?’ అన్నాను.

‘అలాంటివి అడక్కూడదమ్మా నూకరత్నం. నాకూ తెలీదు.’

‘వచ్చే టర్ముకి ఎవరైనా పేరిచ్చారా?’

మీరు చూసి, లేదన్నారు. ‘నువ్వు పాసైతే దీని పని అయిపోయినట్టే. పాత కోర్సు కదా.’

‘నేను తప్పితే?’

మీరు నవ్వారు. ‘నువ్వెందుకు తప్పుతావు? తప్పితే ఇంకో టర్ము చదవాలి. ఆనర్స్‌లో ఒక్కసారి తప్పడానికే అవకాశం.’

ఇంకో టర్ము! వచ్చే టర్ములోనే కదా తల్లిదండ్రుల దినం. ఆ ఒక్కరోజూ బయటివాళ్ళని క్లాసులకి రానిస్తారు. అమ్మని తీసుకొచ్చి, ఆ బిళ్ళ అమ్మ చెవిలో పెట్టొచ్చు. ఆ గొంతు చేత అమ్మ ఒక్కసారి తిట్టించుకుంటే చాలు. మూడేళ్ళుగా మా అమ్మ గట్టిగా ఎవర్నీ కేకేయలేదు సార్. గరిటె దాని మేకుకి అదే వేలాడుతోంది, ఎవరూ ఎత్తుకుపోవడం లేదు.

లోవరాజుని చేరమని బతిమాలాను. ‘మీటరుండగా పళ్ళూడగొట్టుకోమంటావేటి?’ అన్నాడు. మిగతావాళ్ళూ అంతే. కాబట్టి నేను తప్పాలి. తప్పే తీరతాను. బతుకులో ఎప్పుడూ పరీక్ష తప్పలేదు, ఎలా తప్పాలో ఆలోచించుకోవడానికి రెండు రోజులు పట్టింది. గొలుసు విని, ఉన్నది ఉన్నట్టు కాకుండా తిరగేసి చెప్పాలి. అంతే.

పైనంతా రాసిచ్చి, చదివి నన్ను పిలిపిస్తారేమోనని చూశాను. పిలవలేదు. మీరు ఇవి చదవరని అప్పుడే అర్థమైంది.

పరీక్ష రోజు

ఇప్పుడే రాసేయాలి. అక్షరాలు వంకర పోతే పోనీ.

పొద్దున్న మేడం, ‘మూడో వరసకెల్లు’ అంది. మా వరస. అమ్మ ఉండే వరస. సరే, ఏదైతేనేం అనుకున్నాను. గట్టు చివర గొలుసు నీళ్ళలోకి దిగే చోట మోకాళ్ళ మీద కూర్చున్నాను. మీటరు మీద పచ్చదీపం వెలుగుతోంది. గరిటె ఆనించి, కళ్ళు మూసుకున్నాను.

మూలుగు లేదు.

టిక్కుమంది. తర్వాత గీరినట్టు ఒక చప్పుడు. మళ్ళీ టిక్కు. అల లాగినప్పుడల్లా పళ్ళు కొరుకుతోంది. నా పళ్ళ చిగుళ్ళు జివ్వుమన్నాయి. బీట నీళ్ళలో ఎక్కడో బాగా లోపల కాదు, చాలా పైనే ఉంది.

‘సెప్పు,’ అంది. ‘ఏటినిపించినాది?’

నేనేం చేశానో రాస్తున్నాను. ఎవరేమనుకున్నా సరే. ‘ఏం లేదు మేడం. బాగానే ఉంది’ అన్నాను. తిరగేసి చెప్పాలనుకున్నాను కదా, నోట్లో అదే సిద్ధంగా ఉంది, అదే వచ్చేసింది. పరీక్ష తప్పాక, మధ్యాహ్నం మార్కులు పడ్డాక, తిన్నగా గొలుసుల ఆఫీసుకి పరిగెత్తి చెప్పేద్దాం, ఈ లోపు ఏమైపోతుందిలే అనుకున్నాను. ఎంత ధైర్యం చూడండి! గట్టు మీద అమ్మ చేపలు ఆరబెడుతూ నాకు కనపడుతూనే ఉంది.

‘మల్లీ ఇను’ అంది.

విన్నాను. ఇంకా గట్టిగా కొరుకుతోంది. ‘ఏం లేదు మేడం.’

‘నీకినిపించిందే నాకూ ఇనిపించినాది గుంటా. నీకు ఇనడం రాక కాదు. ఏటి నీ ఏసాలు?’

అప్పుడు ఏడుపొచ్చేసింది. ‘నేను పాసైతే నిన్ను ఆపేస్తారప్పా. ఇంకెవరూ చేరట్లేదు. నేను తప్పితే ఇంకో టర్ము ఉంటావు. అమ్మని తీసుకొస్తాను. ఒక్కసారి అమ్మకి వినిపిస్తాను, ఆ తర్వాత...’

‘అప్పెవులు? నాను మేడాన్ని.’ అంది. ‘నీ పాసు నిన్ననే రాసి పంపీసినాను. నీకు పని వొచ్చీసినాది, ఇంక రాయకపోతే ఎలగ? ఇయ్యాల్టిది పరీచ్చ కాదే, పని.’

నిన్ననే! ఆ మార్కు మధ్యాహ్నం గంటతో ఎలాగూ బయటికొస్తుంది. నేను ఎన్ని అబద్ధాలాడినా ఆగదు. ఉత్తపుణ్యానికి, పళ్ళు కొరికే గొలుసు మీద మా అమ్మని కూర్చోబెట్టి నేను కబుర్లు చెబుతున్నాను.

‘ఈ గొలుసు మీద ఇల్లున్నాయా?’ అంది.

‘ఉన్నాయి.’

‘మనుసులున్నారా?’

‘మా అమ్మ ఉంది.’

‘మరింకా నాతోటి కబుర్లేటే! లెగు!’

లేచాను. వరస మొదట్లో సైరన్ మోగించే ఎర్రపిడి ఉంటుంది. గొలుసుల వాళ్ళ చేతికీ, ఆనర్స్ పిల్లల చేతికీ తప్ప అది కదలదు. తప్పుడు కేకైతే సీటు పోతుంది. రెండు చేతులా లాగాను. సైరన్ మొదలైంది. జనం బయటికొచ్చి పచ్చదీపం కేసి చూశారు, నాకేసి చూశారు. ‘బాగానే ఉంది కదేటి, సన్యాసమ్మ కూతురికి పిచ్చెక్కిందేటి?’ అన్నారెవరో. నేను తలుపులు తన్నుకుంటూ పోయాను. చెవిలో అప్ప ఒక్క ఊపిరిగా చెబుతోంది, ‘సివరిల్లు ముందు. గొలుసుకి దగ్గరోల్లని ముందు లాగు. సామాన్లు ముట్టుకోనీకు. ముసిలోల్లని సేతుల మీద ఎత్తండి. వంతెన మీద ఒకేపాలి అందరూ ఎక్కకండని సెప్పు.’

అమ్మ ఇంట్లోకి పోయి పొయ్యి దగ్గర నిలబడిపోయింది. ‘నా బియ్యం...’ అంటోంది. రెక్క పట్టుకుని ఈడ్చాను. కన్నతల్లిని అలా ఈడుస్తానని కలలో కూడా అనుకోలేదు. జనం వంతెన దాటి రెండో వరస మీదికి చేరుతున్నారు. ఆఖర్న నేను వంతెన ఎక్కాను.

‘అందరూ వొచ్చీసినారా?’ అంది అప్ప.

‘వచ్చేశారు.’

‘లెక్కెట్టినావా? లెక్కెట్టకుండా సెప్పకు. నాను ఒకపాలి అలగే...’

మధ్యాహ్నం గంట కొట్టింది.

ఒకపాలి అలగే ఏమైంది? అప్పా, ఏమైంది? బిళ్ళని చెవిలోకి నొక్కుకున్నాను, నొప్పి పుట్టేదాకా నొక్కుకున్నాను. అందరూ నన్నే చూస్తున్నారు. నేను వెనక్కి తిరిగి తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అందరూ ఉన్నారు.

గొలుసు ఆ తర్వాత తెగింది. పెద్ద చప్పుడు కూడా కాదు, తలుపు వేసినట్టుంది. మూడో వరస మొత్తం నిదానంగా పక్కకి తిరిగి, చివరి ఇళ్ళు అలల దారికి అడ్డం పడి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. మా ఇల్లు నీళ్ళలోకి వాలుతుంటే అందరం నోళ్ళు తెరుచుకుని చూశాం. పచ్చదీపం అప్పటికీ వెలుగుతూనే ఉంది.

కోర్సు మూడు: నాలో వచ్చిన మార్పు

కూర్మారావు గారూ, ఈసారి మీరు చదివారని తెలుసు. నా లాగ్ కాగితాలు చేత్తో పట్టుకుని నా గదికే వచ్చారు. గొలుసు కోర్సులో చేరతామని నలభైమంది పేర్లిచ్చారని చెప్పారు. మొదటి పేరు లోవరాజుదే. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. నెల కిందట ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు ఆ పేరు ఇచ్చి ఉంటే! గొంతు తిరిగి రప్పించడం కుదరదా అని అడిగితే మీరు తల అడ్డంగా ఊపారు. ఆపడమంటే చెరిపేయడమేనని అప్పుడు చెప్పారు. ముందే చెబితే మేమెవరమూ ఈ చదువుకి వచ్చేవాళ్ళం కామేమో.

ఆ నలభైమందికీ నేను చెబుతాను. బతికున్న మనిషి ఇక్కడ పాఠం చెప్పకూడదని రూలుందేమో, చూసుకోండి. ఉంటే మార్చండి.

అమ్మకి నేనేం చెప్పలేదు. పైడి టర్మంతా నా చెవిలో ఉంది, నిన్న మధ్యాహ్నం మళ్ళీ పోయింది అని ఎలా చెప్పను? ఒక కూతుర్ని రెండుసార్లు పోగొట్టుకోమని ఎవరైనా తల్లికి చెబుతారా?

ఈ పూట రెండో వరసలో ఎవరింటి గట్టు మీదో, అరువు తెచ్చుకున్న పొయ్యి మీద అమ్మ అన్నం వండింది. నాకు పెట్టి, ఎదురుగా కూర్చుంది. తినడం చూస్తూ కూర్చుంది.

‘ఒలే నూకా, ఆ దీపం పచ్చగా ఉంటే గొలుసు పోతాదని నీకెలగ తెలిసినాది? ఎవులు సెప్పినారే?’

‘మా మేడం చెప్పారమ్మా.’

‘ఆయమ్మ సల్లగుండ. మనందర్నీ బతికించీసినాది.’ అమ్మ ఇంకో ముద్ద నా కంచంలోకి తోసింది. ‘ఇల్లు కట్టుకున్నాక ఒకపాలి తీసుకురా. నెత్తల్ల పులుసెట్టి కడుపునిండా అన్నం ఎడతాను.’

‘అలగేనమ్మా,’ అన్నాను.